కుర్చీలో కునుకు తీసే అబ్బులు

ఒరే గవర్రాజూ, మీసం దువ్వుకోవడం తప్ప ఏ విద్యా రాని మేనల్లుడా, నవ్వడం ఆపి ఫోన్ చెవికి ఆనించు. లారీ స్టీరింగు తప్ప ఏదీ పట్టని మీ మావయ్య అరవై నాలుగో ఏట కుంచె పట్టాడు.

అరవై దాటినవాళ్ళున్న ప్రతి ఇంటి గోడకీ ఇప్పుడో కెమెరా కన్నుంది కదా, దాంతో ఇల్లే మమ్మల్ని కాపలా కాస్తుంది. నేను కుర్చీలోంచి లేచి వీధివైపు నడిస్తే చాలు, తలుపు బిగిసిపోయేది. మిరపకాయ బజ్జీ తిని రెండేళ్ళయింది. ఆ కన్నుని బోల్తా కొట్టించాలనే బొమ్మలు మొదలుపెట్టాను. తీరా ఆర్నెల్లకి, చేతికి రంగంటకపోతే అన్నం సయించని స్థితికొచ్చాను.

చివరికి కుర్చీలో కునుకు తీస్తున్న నన్ను నేనే నిలువెత్తున గీశాను. రెప్పలు దిద్దుతుంటే గదిలో దీపం దానంతటదే వెలుగెక్కింది. నా అదృష్టమనుకున్నాను. బొమ్మని కుర్చీలో నిలబెట్టి పిల్లిలా జారుకున్నాను. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

నాలుగు బజ్జీలు తిని ఇప్పుడే వచ్చి తలుపు తట్టాను.

"ఎవరండీ?" అంది ఇల్లు.

"నేనేనే, అబ్బుల్ని!"

"అబ్బులు గారు కుర్చీలో ఉన్నారండీ."

"అది బొమ్మే! నిన్ను వెర్రిదాన్ని చేద్దామని గీశాను!"

"తెలుసండీ. మీకు వెలుగు చాలట్లేదని దీపం పెంచింది నేనే. ఈయనైతే బజ్జీలడగరు, బయటికెళ్ళరు. నాకు ఈయన చాలండీ."