మొండికేసిన నీళ్ల బండి

మధు బటన్ నొక్కాడు. గర్ర్... గర్ర్... అంతే. ఇంజన్ అందుకోలేదు.

షెడ్డు ముందు మూగిన జనం నవ్వారు. బాన్సువాడలో మధు చెయ్యి పడితే స్టార్ట్ కాని బండి లేదని పేరు. కానీ నీళ్ల మీద నడిచే స్కూటర్ అతని దగ్గరికి రావడం ఇదే మొదలు. దానికి చక్రాలు లేవు. చిరిగిన సీటు, వెలిసిన రంగు. ట్రాలీ మీద అది ఒడ్డున పడ్డ పెద్ద చేపలా ఉంది.

దాని యజమాని భీంరావు. డోంగ్లిలో చెరకు పండించే ఆసామి. పోయిన చలికాలం భార్యతో గోవా వెళ్లాడు. సముద్రంలో రయ్యిమని పోతున్న ఇలాంటి బండ్లను చూసి గౌరీబాయి ముచ్చటపడింది. "కిరాయి బండి నేనెక్క. ఎక్కితే సొంతదే ఎక్కాలె" అని మీసం దువ్వాడు భీంరావు.

ఆ మాట బావమరిది శివప్రసాద్ చెవిన పడింది. మహారాష్ట్రలో ఎక్కడో మూతపడ్డ బోటింగ్ దగ్గర పాత బండి పట్టుకుని, తెచ్చి బావ వాకిట్లో దించేశాడు. ఆదివారం చుట్టాలందరి ముందు మంజీరలో బావ దాన్ని నడపాలి. అక్క వెనక కూర్చోవాలి. అదీ ఏర్పాటు.

"స్టార్టింగ్ ట్రబులున్నది. జర మంచిగ చూడు తమ్మీ" అని అందరికీ వినిపించేలా చెప్పాడు భీంరావు. బండి సంగతి మరో రెండు మాటలు మధు చెవిన వేసి వెళ్లిపోయాడు.

జనం కదిలాక మధు ఊరుకోలేకపోయాడు. స్టార్ట్ కాని ఇంజన్ కళ్ల ముందుంటే అతనికి ముద్ద దిగదు. ప్లగ్గు విప్పాడు. నిప్పురవ్వ గట్టిగానే వస్తోంది. ప్లగ్గు మాత్రం పొడిగా ఉంది. అంటే పెట్రోలు ఇంజన్‌కు అందడం లేదు. కార్బొరేటర్ విప్పాడు. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు లోపల బెల్లం పాకంలా గడ్డకట్టి, సన్నటి రంధ్రాలన్నీ మూసేసింది. పెట్రోలు తోడే రబ్బరు పొర అట్టముక్కలా బిగుసుకుపోయింది. రంధ్రాలు కడిగి, గాలి కొట్టి, కొత్త పొర వేశాడు. చోక్ లాగి బటన్ నొక్కాడు.

బుర్రుమంది!

మధు ఉలిక్కిపడి రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. గబుక్కున ఆపేశాడు. నీళ్ల బయట ఎక్కువసేపు తిప్పితే ఇంజన్ కాలిపోతుంది మరి. ఇది నీళ్లతో చల్లబడే రకం.

అప్పటికే గుమ్మంలో గౌరీబాయి నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"స్టార్టయిందా తమ్మీ?"

"అయింది అక్కా."

"అయితే మళ్ల కానియ్యకు. నీకు దండం పెడ్త."

మధు తెల్లబోయాడు. ఆమె గొంతు తగ్గించింది.

"మా ఆయనకు ఈత రాదు. లగ్గమైన కాన్నుంచి మంజీర గీ ఒడ్డు నుంచి గా ఒడ్డుకు ఈదిన అని చెప్పుకుంటడు. నేను ఊకొడ్త. మోకాలెత్తు నీళ్లల్ల దిగితే నా చెయ్యి ఇడ్వడు."

"ఎక్కొద్దని చెప్పొచ్చు గదక్కా?"

"చెప్తే పంతానికి ఎక్కుతడు. బండే మొండికేసిందనుకో, ఆయన ఇజ్జత్ ఉంటది, పానం ఉంటది."

మధుకు నవ్వు తన్నుకొచ్చింది. దగ్గుతో కప్పేసుకున్నాడు.

"మరి నా పేరు ఖరాబైతది గదక్కా."

"తెల్సు. గందుకే బతిమాలుతున్న."

డబ్బా మూత తీసింది. జొన్నరొట్టెలు, పల్లీ చట్నీ. మధు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని తలూపాడు.

"అన్నకు చెప్పనులే అక్కా."

ఆ వారమంతా భీంరావు రోజూ వచ్చాడు. నలుగురి ముందు నిలబడి "ప్లగ్గు మార్చు", "కార్బొరేటర్ మళ్ల విప్పు" అని కేకలేశాడు. మధు విప్పాడు, బిగించాడు. బండి కదలలేదు. ఎదురుగా టీ హోటల్లో మధు మీద జోకులు పుట్టాయి. కోటగిరి నుంచి వచ్చిన ఒకతను బైకు ఇవ్వబోయి, ఏమనుకున్నాడో, తోసుకుంటూ పక్క షెడ్డుకు పోయాడు. అది మధుకు నిజంగానే గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున్నే కార్బొరేటర్‌లోని పెట్రోలు ఒంపేసి, పెట్రోలు పైపులో గుడ్డ పేలిక కుక్కాడు.

మంజీర ఒడ్డు తిరునాళ్లలా ఉంది. బండిని నీళ్లలోకి దించారు. భీంరావు లైఫ్ జాకెట్ బిగించి, సీటెక్కి, బటన్ నొక్కాడు. గర్ర్... గర్ర్... నొక్కుతూనే ఉన్నాడు. సెల్ఫ్ నీరసపడింది.

"పైపుల కచర ఇరికిందేమో, ఊది చూద్దమా?" అంటూ ట్రాక్టర్ డ్రైవర్ లోక్యా ముందుకు వంగాడు.

మధు చప్పున గౌరీబాయి వైపు చూశాడు. గౌరీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏయ్, చెయ్యి తియ్! నువ్వు నడిపే ట్రాక్టరనుకున్నవా గిది?" భీంరావు గద్దించాడు. లోక్యా వెనక్కి తగ్గాడు.

ఆ కోపమంతా తర్వాత మధు మీదికి మళ్లింది. "నువ్వేం మెకానిక్‌వయ్యా! గిన్ని దినాలు ఏం పీకినవ్? గీ వయసుల గౌరిని నీళ్ల మీద తిప్పుదామనుకుంటిని!"

మధు తల దించుకున్నాడు. పిల్లలు ఊళ వేశారు. శివప్రసాద్ మొహం వాడిపోయింది.

"జావూ దే, పోనియ్యి" అంది గౌరీబాయి, మొగుడి చెయ్యి పట్టి ఒడ్డుకు దింపుతూ. "మటన్ సల్లారుతున్నది. అందరు రాండ్రి." వెళ్తూ వెళ్తూ మధు వంక కళ్లతోనే దండం పెట్టింది.

చుట్టాలు విస్తళ్ల దగ్గరికి కదిలారు. మధు ఒక్కడే బండిని ట్రాలీకి ఎక్కించి తాడు బిగిస్తున్నాడు.

అప్పుడు భీంరావు తాడు పట్టే నెపంతో దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా అతని భుజం తట్టి, "శభాష్ తమ్మీ, మొదటి దినం నేను నీ చెవుల చెప్పినట్టే చేసినవ్, ఇగ నాకు ఈత రాదన్న ముచ్చట మాత్రం మా గౌరికి ఎన్నటికి తెల్వనియ్యకు" అని గుసగుసగా అన్నాడు.