దిష్టిచుక్క

“ఆ చుక్క తీసేసి పంపండి మేడమ్. స్క్రీను మీద ఈగ వాలినట్టుండాది” అన్నాడు ధర్మేంద్ర ఫోనులో.

ప్రసన్నకుమారి పళ్ళు నూరింది. కోపం ధర్మేంద్ర మీద కాదు, ఎదురు బల్ల దగ్గర కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని అచ్చుతప్పులు ఏరుతున్న మునిరామయ్య మీద.

అది రెండువేల ఆరు. తిరుపతిలో ఏ కూడలిలో తలెత్తినా ఫ్లెక్సీలే. పుట్టినరోజు నాయకులు, పెళ్ళికూతుళ్ళు, పోయినవాళ్ళు, అందరిదీ ఒకే నవ్వు. వాళ్ళను కంప్యూటర్లో అంత అందంగా తయారుచేసింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. కింద మూలలో షాపు పేరు, ఫోను నంబరు ఉంటాయి, అంతే. అలా పేరు లేనివాళ్ళు జిల్లాలో నలభై మంది కలిసి ఒక సంఘం పెట్టుకుని, వెబ్‌సైటు తయారుచేసే పని పాకాల ధర్మేంద్రకు అప్పగించారు. మనిషికో పేజీ, పేజీకి పది బొమ్మలు, పైన పెద్దక్షరాలతో పేరు.

ఆ పేరు మీదే ప్రసన్నకుమారి ప్రాణం. ఆరేళ్ళుగా యోగానంద షాపులో బొమ్మలు చేస్తోంది. ఊరంతా ఆమె చేతిపనే. ఆమె పేరు మాత్రం రేషను కార్డులో తప్ప ఎక్కడా అచ్చయిన పాపాన పోలేదు. అందులోనూ ఒత్తు ఎగిరిపోయి ‘ప్రసనకుమారి’ అయింది.

తీరా ఆమె పంపి చూస్తే, యోగానంద కొడుకు మోహన అవే పది బొమ్మలు తన పేరుతో ముందే పంపేశాడు. మోహనకు మౌసు బాగానే అలవాటు, ఎక్కువగా పేకాట కోసం. అడగబోతే యోగానంద చల్లగా జవాబిచ్చాడు.

“షాపులో చేసింది షాపుదే గదమ్మా. పిల్లోడు ఏదో ముచ్చటపడినాడు.”

గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మునుపు ఒకతను ఫ్లెక్సీ మూలన తన పేరు వేసుకుంటే, సాయంత్రానికల్లా ఇంటికి పంపేశాడు యోగానంద. ఆమె బాత్‌రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ధర్మేంద్ర చెప్పిన మార్గం ఒక్కటే. “రెండు సెట్లలోనూ ఆ చుక్క ఉండాది మేడమ్. అసలు చేసినోళ్ళకైతే అది తీయడం చేతనవుతాది గదా. శనివారం సాయంత్రం లోపల తీసి పంపండి, అదే రుజువనుకుంటాం. లేదంటే ముందు పంపినోళ్ళ పేరే పడతాది.”

చుక్క మునిరామయ్యది. ఒకప్పుడు గోడల మీద కుంచెతో రాసిన మనిషి, గోడలు పోయాక ఇక్కడ తప్పులు దిద్దే పనిలో కుదిరాడు. ప్రింటుకు పోయే ప్రతి ఫైలూ ఆయన చేతి మీదుగానే పోవాలి. పోయేటప్పుడు బొమ్మలో ఎక్కడో ఒకచోట ఆవగింజంత నల్లచుక్క పెడతాడు. పుత్తూరు పెళ్ళికూతురికి చెంప మీద పెట్టాడు. పుట్టుమచ్చ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని మగపెళ్ళివారు అడిగారట.

“ఎందుకు మామా ఇది?” అని అప్పుడే నిలదీసింది ప్రసన్నకుమారి.

“దిక్కులేని బొమ్మకు దిష్టి జాస్తి పాపా.”

“మరి మోహన చేసినవాటికి పెట్టవే?”

“వాటికి దిష్టి తగిలేంత అందం యాడుండాది?”

అప్పటినుంచీ ఆమె కంటబడితే తుడిచేయడం, ఆయన మళ్ళీ పెట్టడం. ఒకసారి వారం రోజులు మాటలు కూడా లేవు. అంత కష్టపడి చేసిన పనికి చివర్లో మసి పూస్తాడే అని ఆమె బాధ.

శుక్రవారం ఆయన ఒక సీడీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

“నీ పదింటి అసలు ఫైళ్ళూ ఇందులో ఉండాయి. ఉండేది ఉన్నట్టే పంపు. చుక్కల జోలికి పోవద్దు.”

“ఆ చుక్క తీస్తేనే నా పేరు పడేది మామా.”

“దూరం నుంచి సూసి మాట్లాడతావు పాపా నువ్వు” అని ఇంకా ఏదో చెప్పబోయాడు. యోగానంద లోపలికి రావడం చూసి, కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ముసలివాళ్ళకు చాదస్తం మామూలేనని ఆమె సరిపెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం, యోగానంద భోజనానికి వెళ్ళగానే సీడీ పెట్టింది. సీడీ మీద ఉన్నదాన్ని తుడవడం కుదరదు గనుక ఫైళ్ళను కంప్యూటర్లోకి ఎక్కించుకుంది. చుక్క చుట్టూ మౌసుతో గీత లాగడం, మీట నొక్కడం. పెళ్ళికూతురి చెంప శుభ్రమైంది. నాయకుడి చొక్కా శుభ్రమైంది. తొమ్మిది బొమ్మలు అరగంటలో అద్దంలా తేలాయి. తన పేరు పెద్దక్షరాలతో ఎలా ఉంటుందోనని ఒకసారి ఊహించుకుంది కూడా.

పదోది వడమాలపేట పెద్దాయన శ్రద్ధాంజలి. అక్కడ చుక్క సరిగ్గా మీసం అంచున పడింది. పట్టుకోబోతే చుక్క బదులు మీసం ఊడి వస్తోంది.

విసుక్కుంటూ నాలుగింతలు పెద్దది చేసింది. చుక్క గుండ్రంగా లేదు. చుక్క పెట్టడం కూడా చేతకాదు ఈ మామకు అనుకుంది. ఇంకా పెద్దది చేసింది. అక్కడక్కడా వంపులు కనిపించాయి. ఇంకా పెంచితే ఒక తలకట్టు, పక్కన ఒక క్రారవడి తేలాయి. ఆమె చెయ్యి మౌసు మీద ఆగింది. మెల్లగా, తెర నిండేదాకా పెంచింది.

ఒత్తుతో సహా, ‘ప్రసన్నకుమారి’ అని ఉంది.