గోటి చప్పుడు

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో పెళ్ళాం అతనితో ఇంటిమాటలో ఒక్క ముక్క మాట్లాడలేదు. అది అన్యాయం. ఆ సంగతిలో తాళాలాయనకు ఏ అనుమానమూ లేదు.

ఇంటిమాట అంటే వాళ్ళ జాతి భాష. పిల్లల్ని తీసుకెళ్ళి, బళ్ళో పడేసి, కొట్టి మాన్పించిన భాష. ఇద్దరూ ఆ బళ్ళోనే పెరిగారు. అతనికి భాష పోయింది. ఆమె ఎలాగో దాచుకుంది. అన్న కూతురితో మాట్లాడింది. పక్కింటి కుట్టుమిషను ఆవిడతో మాట్లాడింది. కిటికీలో వాలే పిచ్చుకలతోనూ మాట్లాడింది. మొగుడు గుమ్మంలో కాలు పెడితే మాత్రం బళ్ళో నేర్పిన బడిమాటలోకి దిగిపోయేది.

మంచినీళ్ళ దగ్గరైతే అదీ లేదు. దాహమేస్తే గ్లాసు మీద గోటితో కొట్టేది. ఆస్పత్రి మంచం మీద కూడా అంతే. నర్సునైతే నోరారా అడిగేది. మొగుడు పక్కనుంటే గోరే.

"అంత పొగరు దానికి," అనేవాడు, తాళం బాగుచేయించుకోడానికి వచ్చిన ప్రతివాడితోనూ.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. పోయేముందు తొమ్మిది గంటలపాటు ఆమె గొంతు రికార్డు చేసి పెట్టుకుంది మేనకోడలు. ఆ గొంతుతోనే ఇప్పుడు ఆదివారం ఆదివారం జాతివాళ్ళకు ఇంటిమాట నేర్పుతోంది. పాఠం అయ్యాక పెద్దవాళ్ళు గుండ్రంగా కూర్చుని బళ్ళో పడ్డ బాధలు చెప్పుకుంటారట. చెప్పుకుంటే పుండు మానుతుందట.

"గాడిద గుడ్డు మానుతుంది," అన్నాడు తాళాలాయన. "ఆ రికార్డు నాకియ్యి."

"ఇవ్వను మామయ్యా. వినిపిస్తాను. కానీ అత్త ఒక షరతు పెట్టింది. ముందు నువ్వు అందరి మధ్యా ఆ బడినాటి పలక పట్టుకుని, నీ సంగతి మొత్తం చెప్పాలట."

"నా పెళ్ళాం గొంతు వినడానికి నీ దగ్గర పరీక్ష రాయాలా?"

"నా దగ్గర కాదు. అత్త దగ్గర."

ఆ మాట విని వారం రోజులు పళ్ళు నూరాడు. ఆదివారం పొద్దున వెళ్ళాడు. ఇంట్లో చప్పుడు లేక ఎనిమిది నెలలు. ఆ గొంతు ఒక్కసారి వింటే చాలనుకున్నాడు.

మూతపడ్డ రొట్టెల దుకాణం వెనక గది. గోడలో పాత బట్టీ నోరు తెరుచుకుని ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడుగురు ముసలివాళ్ళు. తలుపు గడియ వదులైంది. ముందు అదే కనపడింది అతనికి.

"వచ్చావా అన్నయ్యా," అంది కుట్టుమిషను ఆవిడ. "ఊళ్ళో తాళాలన్నీ తీస్తావు. నీ నోటి తాళానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది."

"నీ నోటికి తాళం చేసేవాడు ఇంకా పుట్టలేదు. కూర్చో."

పలక చేతులు మారుతోంది. జానెడు చెక్క, దానికో తాడు. బడి కూల్చినప్పుడు చెత్తలో దొరికింది. ఆ రోజుల్లో ఇంటిమాట నోరు జారినవాడి మెడలో అది పడేది. వదిలించుకోవాలంటే ఒకటే దారి. ఇంకొకడు ఇంటిమాట మాట్లాడగా వినాలి, తీసి వాడి మెడలో వెయ్యాలి. సాయంత్రం గంట కొట్టేసరికి పలక ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు బెత్తం.

ఈ గదిలో నియమం కూడా ఒకటే. నీ మెడలో ఎవరు వేశారని ఎవరూ అడగరు.

ఒకప్పుడు బస్సు కండక్టరుగా చేసినాయన పలక ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ముక్కు చీదుకుంటూ మరీ ఏడ్చాడు. తాళాలాయనకు ఒళ్ళు మండింది. ఏడవడానికి కుర్చీలు కూడా వేసుకున్నారు వీళ్ళు.

పలక తన చేతికొచ్చింది. తిప్పి చూశాడు.

"చెక్క అదే. తాడు కొత్తది," అన్నాడు. "నా మెడలో పదకొండుసార్లు పడింది. పదిసార్లు బెత్తం దెబ్బలు తిన్నాను. అయిపోయింది. ఇక పెట్టు."

మేనకోడలి వేలు రికార్డరు మీట మీదకు వెళ్ళింది.

కండక్టరు కళ్ళు తుడుచుకుంటూనే లెక్క పట్టాడు. "మరి పదకొండోసారి, బావా?"

"తినలేదు."

"ఎలా తప్పింది?"

"ఎవరు వేశారని అడగం అన్నారుగా."

"నీ మెడలో ఎవరు వేశారని అడగలేదు బావా. నీ మెడలోంచి ఎలా పోయిందని అడిగా."

మేనకోడలి వేలు మీట మీదే ఉంది.

"అత్త మొత్తం చెప్పాలంది మామయ్యా." గ్లాసులో నీళ్ళు పోసి అందించింది. "గొంతు తడుపుకో. మెల్లిగానే చెప్పు."

అతను ఆ గ్లాసు వంక విషాన్ని చూసినట్టు చూశాడు. పలక కుర్చీలో పడేసి లేచాడు.

"అక్కర్లేదు. ఆ గొంతు మీరే వినండి. ఇంకెప్పుడూ ఈ సంగతి నా దగ్గర ఎత్తొద్దు. చచ్చేదాకా మాట్లాడను."

ఆ పదకొండోసారి, ఇంకాసేపట్లో గంట కొడతారనగా, బడిమాట ఇంకా పట్టుబడని ఏడేళ్ళ పిల్ల దాహంతో వచ్చి ఖాళీ గ్లాసు మీద గోటితో కొడితే, ఆమె నోరు తెరిచి ఇంటిమాటలో నీళ్ళడిగేదాకా, మెడలో పలకతో, చేతిలో నిండు కూజాతో, అర్థం కానట్టు నిలబడ్డాడు అతను.