పదిహేను రోజుల ట్యూబు

“ఈ ట్యూబు ఎవరు పిండేసినారు?”

మహిత చేతిలో ఆయింట్‌మెంట్ ట్యూబు అట్టముక్కలా అతుక్కుపోయి ఉంది. ఫ్రిజ్ మీద స్టెబిలైజర్ వెనక తను దాచిన చోటే దొరికింది, లోపల మందు మాత్రం లేదు. కింది నుంచి చుట్టుకుంటూ వచ్చి మూతి దాకా పిండేశారు.

చట్నీకి వేరుశనగ గింజలు వేయిస్తున్న యశోదమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది.

“ఆ పాడు మందు ఇంకా ఇంట్లోనే ఉండాదా? స్టెరాయిడ్ వద్దంటే, అంగట్లో వాపసు ఇచ్చేస్తానంటివే!”

“ఇచ్చేద్దామనే పెట్టినా అత్తా. నేను పుయ్యలేదు. నువ్వే మోరీలోకి పిండేసుంటావు.”

కోడలు చెప్పింది పచ్చి అబద్ధం. మూడేళ్ల లోహిత్‌కు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. గోకి గోకి రక్తం తెచ్చుకుంటున్నాడని తిరుపతి తీసుకెళ్లి చూపిస్తే, చర్మం డాక్టరమ్మ ఈ ట్యూబు రాసింది. “పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఎర్రగా ఉన్నచోట మాత్రమే, పల్చగా. పదిహేను రోజులకు వస్తుంది. ముందే అయిపోయిందంటే ఎక్కువ పూస్తున్నారని లెక్క. అట్లా పూస్తే చర్మం పలచబడిపోతుంది, జాగ్రత్త” అంది. యశోదమ్మ ఫోన్లో ఏదో వీడియో చూసి, వేపాకు పసరు తప్ప ఇంకేదీ మనవడి ఒంటిని తాకడానికి వీల్లేదని భీష్మించుకుంది. మహిత సరేనంది. సరేనని, దొంగచాటుగా డాక్టరమ్మ చెప్పినట్టే పూస్తూ వచ్చింది. పిల్లవాడు గోక్కోవడం తగ్గించాడు. ఆ పేరు కాస్తా వేపాకు కొట్టేసింది.

మందు మొదలుపెట్టి ఐదు రోజులే అయింది, ట్యూబు ఖాళీ. ఇప్పుడు మందు ఆగిపోతే బిడ్డ మళ్లీ రక్తం తెచ్చుకుంటాడు. ఇంకోటి కొన్నా అత్త దాన్నీ బతకనివ్వదు. మహితకు ఒకచోట కాలు నిలవలేదు.

“కాణిపాకం పోదాం పా అత్తా. పారబొయ్యలేదని స్వామి ముందర ప్రమాణం చెయ్యి.”

చిత్తూరు వాళ్ల నోట ఈ మాట వచ్చిందంటే ఇక వెనక్కి తీసుకునేది ఉండదు. పోలీస్ స్టేషన్లో తేలని తగువులు కూడా అక్కడి వినాయకుడి కోనేట్లో మునిగి ప్రమాణం చేస్తే తేలిపోతాయి.

“చేస్తా! పారబొయ్యలేదని నేను చేస్తా. పుయ్యలేదని నువ్వు చేస్తావా?”

మహితకు ఇక తప్పలేదు. “చేస్తా” అంది.

ఆఫీసుకు తయారవుతున్న జయచంద్ర భార్యకూ తల్లికీ మధ్య అడ్డమొచ్చాడు. “ఒక ట్యూబుకు కాణిపాకమేందిమా? నలుగురూ నవ్వుతారు. కొత్తది తెస్తాలే, ఊరుకోండి.”

“నువ్వు నోరు మూసుకోని ఆటో పిలువప్పా” అంది తల్లి.

ఆటోలో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. జయచంద్ర డ్రైవర్ పక్కన చేరి, దారి పొడుగునా “నిమ్మసోడా తాగి పోదామా?” అని మూడుసార్లు అడిగాడు. యశోదమ్మ రెండుసార్లు “అది కాదమ్మే...” అని మొదలుపెట్టి, రోడ్డు వైపు తిరిగింది. మహిత ఒళ్లో బిడ్డ మోచేతి మడత ఎండకు తళతళ మెరుస్తోంది. తగ్గిపోయి మెరుస్తోందా, పలచబడి మెరుస్తోందా? అబద్ధపు ప్రమాణం చేస్తే ఆ పాపం ఎవరికి తగులుతుందో తలుచుకుంటే భయం. నిజం చెప్పేస్తే బిడ్డకు మందు ఉండదు. కాణిపాకం ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండుననిపించింది. ఆటోవాడేమో తెగ తోలుతున్నాడు.

లోహిత్‌ను తండ్రి దగ్గర పై మెట్టు మీద వదిలి అత్తాకోడళ్లు కోనేట్లోకి దిగారు.

యశోదమ్మ మూడు మునకలు వేసి గోపురం వైపు చేతులు జోడించింది. “ఆ మందు నేను చుక్క కూడా పారబొయ్యలేదు సామీ.”

గొంతు వణకలేదు. అత్త చెప్పేది నిజమేనని మహితకు తెలిసిపోయింది. తనూ మునిగి లేచింది. చేతులు జోడించింది. ఇంటి దగ్గర అంత సులువుగా వచ్చిన అబద్ధం ఇక్కడ నోటి దాకా కూడా రాలేదు.

“పూసినా సామీ.” ఏడుపు తన్నుకొచ్చింది. “రోజూ రెండుసార్లు పూసినా. డాక్టరమ్మ చెప్పినట్టే, పల్చంగా. బిడ్డ రక్తం సూడలేకపోయినా.”

తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. తిట్లు రాలేదు. యశోదమ్మ తడిచీరతోనే మెట్టు మీద కూలబడింది.

“నువ్వూ పూసినావా?”

“నువ్వూ ఏంది అత్తా?”

“నువ్వు బడికి పాఠాలు చెప్పేకి పోయినాక వాడు గోక్కుంటా ఏడిస్తే నా పానం ఆగలేదమ్మే. ఫ్రిజ్ దులపబోతే అది కనపడింది. వద్దన్నదాన్ని నేనే, ఇంక ఏ మొగం పెట్టుకోని నిన్ను అడగల్ల? నువ్వు పుయ్యడం లేదనుకోని రోజూ నేనే రెండుసార్లు పూస్తా వస్తి.”

మహిత గబగబా మెట్లెక్కి బిడ్డను దగ్గరికి లాక్కుని మోచేతులు తిప్పి తిప్పి చూసింది. రోజుకు నాలుగు పూతలు! డాక్టరమ్మకు ఫోన్ చేద్దామని సంచీలో చెయ్యి పెట్టి, మధ్యలో ఆగిపోయింది.

“పదిహేను రోజుల ట్యూబు... ఇద్దరం పూసినా ఏడు రోజులన్నా రావల్ల గదా అత్తా? ఐదు రోజులకే ఎట్ల అయిపోయింది?”

ఇద్దరూ జయచంద్ర కోసం చూశారు.

అతను అప్పటికే చొక్కా విప్పి కోనేట్లోకి దిగుతున్నాడు.