క్వాంటం పండుగలో రెండు ప్రమాదాలు

నా పేరు జటంగి ఆండాలు. వయసు డెబ్బై రెండు. ఊరు చివ్వెంల. ఇంట్లో నేను, మనుమరాలు స్రవంతి, నలభై గొర్రెలు. నాకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు రాయండి సారూ.

సూర్యాపేటలో మా స్రవంతి చదివే కాలేజీవాళ్లు క్వాంటం పండుగ పెట్టారు. మా పిల్ల డబ్బాలో మంచుకంటే చల్లని, పొగలు గక్కే మందు పోసి, అయస్కాంతాన్ని గాలిలో తేలించింది. జనం చప్పట్లు కొట్టారు. డబ్బులిచ్చి పండుగ పెట్టించిన కంపెనీ మేనేజరు మైకు అందుకుని, అది తమ కంపెనీ తయారుచేసిందన్నాడు.

"కాదు సార్, నేనే చేసిన," అంది మా పిల్ల.

"గొర్లు కాసేటోళ్లకు గింత పొగరా? జర సల్లబడు," అని నవ్వుతూ దాని కుడిచేయి ఆ డబ్బాలో ముంచి పట్టాడు. అది కేకలు పెడుతుంటే వెనక వరుస నుంచి ఉరికాను. నేను చేరేసరికి దాని వేళ్లు తెల్లగా, కట్టెల్లా అయిపోయాయి.

పొట్టేళ్లను పడేసి బొచ్చు కత్తిరించేదాన్ని. వాడినీ అట్లే పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, వాడి చేయి ఆ డబ్బాలోనే ముంచాను.

"అమ్మా, చెయ్యి పోతది!" అని అరిచాడు.

"పోదు బిడ్డా, జర సల్లబడుతది," అన్నాను. ఒకటి అనకుండా లాభం, రెండు, మూడు అని గొర్రెలను లెక్కపెట్టినట్టు ఇరవై దాకా లెక్కపెట్టి వదిలాను.

దవాఖానలో ఇద్దరికీ వేళ్లు తీసేశారు.

నిన్న ఈ ఠాణాలో మా పిల్ల కాగితం మీద ప్రమాదం అని రాశారు. నా కాగితం మీద హత్యాయత్నం అని రాశారు. సారూ, నాదీ ప్రమాదమే అని రాయండి. లేదంటే పిల్లదీ మార్చండి.

ఆండాలు వేలిముద్ర.

సాక్షులు: బిక్షం, కాలేజీ వాచ్‌మన్. స్రవంతి, ఎడమచేత్తో.