అటక మీది ఆంప్లిఫయర్

"పాటలో మనమే నెగ్గీసేం!" అని నర్సీపట్నమంతా వినబడేలా కేకేశాడు నానాజీ. ఆన్‌లైన్ వేలంలో అతనికి పాత ఆంప్లిఫయర్ దక్కింది.

"అది మోగతాదో లేదో వీడియోలో సూపించమన్నారా?" వంటింట్లోంచి అడిగింది భార్య శ్రీదుర్గ.

"అలాగడిగితే పెద్దమనిషి నొచ్చుకుంటాడే. ఆ ఎర్ర వాల్యూమ్ నాబ్ సూడు, అచ్చం జపానోడి పనితనం! డబ్బులు నేరుగా ఏస్తే బేగి పంపుతాడంట."

"నేరుగా ఎయ్యకండి. సెప్తన్నాను కదా!"

"నీకేటి తెల్సు?" అంటూ నానాజీ, అమ్మేవాడు పంపిన కోడ్‌ని స్కాన్ చేసి, తెర మీద వచ్చిన పేరైనా చదవకుండా పిన్ కొట్టేశాడు.

వంటింట్లో శ్రీదుర్గ ఫోన్ టింగుమంది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "జపాను కాదండీ, ఏటికొప్పాక. ఫొటోలో అందంగా ఉంటాదని మా అన్నయ్య సేత లక్క నాబ్ ఎట్టించేను. పెట్టె మనదే. పాడైపోయిందని మీరే అటకెక్కించేరు. ఎవడో ముంచీ బదులు నేనే ముంచీసేను."

నానాజీ అటక కిందకి స్టూలు లాగాడు.

"ఇంతకీ అది ఇప్పుడు మోగతాదేటి?"