పసుపు మరక సాక్ష్యం

కాగితాల చేత మాట్లాడించడమే యానాం ధ్రువీకరణ కార్యాలయంలో నూకరత్నం ఉద్యోగం. రాసేటప్పుడు తన దగ్గర ఎవరున్నారో కాగితమే వినిపిస్తే తప్ప విదేశీ పౌరసత్వానికి ముద్ర పడని రోజులవి.

దొరబాబు తన ముత్తవ్వ జనన పత్రం తెచ్చాడు. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి ఆ కాగితం తళతళా మెరుస్తోంది.

"లామినేషన్ చేయించేశావా!" అని నూకరత్నం తల కొట్టుకుంది. "దాని గొంతు నొక్కేశావు కదయ్యా."

"పాడైపోద్దనండి, మేడంగారూ..."

ఆమె ప్లాస్టిక్ ఒలిస్తే సిరా కూడా దాంతోపాటే ఊడివచ్చింది. దొరబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. అయితే కాగితం మూలన చిన్న పసుపు మరక మిగిలింది. శుభమని, రాతకు ముందే ఎవరో పెట్టినది.

"సిరా విన్నదంతా ఇదీ వినే ఉంటుంది," అంటూ నూకరత్నం కాగితాలను పలికించే యంత్రం సూదిని మరక మీద ఆనించింది.

ఒక మగగొంతు పలికింది. "ఆడపిల్లండి. బిడ్డని చూస్తేగాని రాయరంట కదండి, తీసుకొచ్చేశాను."

ఆ వెంటనే పసిబిడ్డ ఏడుపు గదంతా మారుమోగింది.

బెంచీల మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా గుమాస్తాల దగ్గులే విన్న నూకరత్నానికి ఒళ్ళు గగుర్పొడిచింది. సాక్ష్యం సరిపోయిందని యంత్రం మీద పచ్చదీపం వెలిగింది. ఆమె ముద్ర వేసింది.

దొరబాబు ముద్ర వైపు చూడనేలేదు. బల్ల మీదికి వంగి, మునివేళ్ళతో కాగితాన్ని జోకొడుతున్నాడు.

"ఊరుకో తల్లీ, ఊరుకో."